సీటు కింద వైరు

ఆ యేడు మాసూళ్లలో, వరికోతలప్పుడు, మా ఇంటికి వచ్చినవాళ్లలో సగం మంది, లేని మనిషి కోసం వచ్చారు.

ఆయన పోయిన సంగతి వాళ్లకు తెలియక కాదు. చెప్పులు గుమ్మం బయట విడిచి, కుర్చీ అంచున కూర్చుని, ముందు అనవలసిన నాలుగు మాటలూ అనేవారు. "ఇంత చిన్న వయసులోనా అమ్మా" అనేవారు. ఆ తరువాత అసలు సంగతి వచ్చేది.

"అది కాదు టీచరుగారూ, మా మిషనుకి అజయ్ బాబు ఒక వైరు కట్టాడు. అదెక్కడుందో మాకు దొరకట్లేదు. మీకేమైనా చెప్పాడేమోనని..."

అది రెండువేల ఎనిమిది. మా ఆయన రేపల్లెలో, తెనాలి రోడ్డు మీద, షెడ్డు వేసుకుని ట్రాక్టర్లు బాగుచేసేవారు. కోత మిషన్లు మా వైపు వచ్చాక వాటి పని కూడా పట్టుకున్నారు. టైర్ల మిషన్లతో ఇబ్బంది లేదు, వాటిలో ఇనుము తప్ప ఏమీ లేదనేవారు. చైన్ మిషన్లు వేరు. అవి పరాయి దేశం నుంచి ఓడలో వచ్చినవి. బురదలో దిగబడకుండా చైన్ల మీద నడుస్తాయి. డ్రైవరు ఎదురుగా చిన్న అద్దం ఉంటుంది. లోపల ఏదైనా తేడా వస్తే ఆ అద్దంలో ఒక నెంబరు వెలుగుతుంది, కీచుమని మోత వస్తుంది, మిషను ఆగిపోతుంది. ఆ నెంబరుకు అర్థం తెలిస్తే రిపేరు సగం అయినట్టే.

అర్థాలన్నీ ఇంగ్లీషు పుస్తకంలో ఉండేవి. అది కూడా ఇంగ్లీషు సరిగా రానివాళ్లెవరో రాసిన ఇంగ్లీషు. నేను హైస్కూల్లో ఆ పాఠమే చెబుతాను కాబట్టి సాయంత్రాలు ఆ పుస్తకం చదివి తెలుగులో చెప్పడం నా పని అయింది. ఆయన చేతులు గుడ్డతో తుడుచుకుంటూ వినేవారు. ఒకసారి వింటే చాలు, మళ్లీ అడిగేవారు కాదు.

"గుళ్లో పాస్టరుగారు పాట నెంబరు చెబుతారు, మనం పుస్తకం తీస్తాం. ఇదీ అంతే. నెంబరు మిషను చెబుద్ది, పుస్తకం నువ్వు తియ్యి, పాట నేను పాడతాను" అనేవారు.

ఆ నెంబర్లలో కొన్ని నిజంగా జబ్బులు. నూనె తగ్గిందనో, ఇంజను వేడెక్కిందనో చెబుతాయి. కొన్ని జబ్బులు కావు, జాగ్రత్తలు. పద్నాలుగు అలాంటిది. సీటు కింద ఒక స్విచ్చి ఉంటుంది. కత్తులూ నూర్పిడి డ్రమ్మూ తిరుగుతుండగా డ్రైవరు సీటులోంచి లేచాడంటే ఆ స్విచ్చి తెలుసుకుంటుంది. అద్దంలో పద్నాలుగు పడుతుంది, అన్నీ ఆగిపోతాయి. పుస్తకం రాసినవాళ్ల దేశంలో అది బాగానే ఉండి ఉంటుంది. మా డెల్టాలో డిసెంబరు వచ్చినా చేలో తడి ఆరదు. తడి గడ్డి మిషను నోట్లో చుట్టుకుంటుంది. డ్రైవరు దిగి చేత్తో లాగాలి, మళ్లీ ఎక్కాలి. దిగిన ప్రతిసారీ ఆగిపోతే, మళ్లీ మొదటి నుంచి స్టార్టు చేసుకుంటూ పోతే, రైతు ఊరుకోడు, ఓనరు ఊరుకోడు. అందుకని ఆ స్విచ్చిని పక్కన పెట్టి వైరు కట్టించుకునేవారు. ఇక సీటులో ఎవరూ లేకపోయినా, ఉన్నారనే మిషను అనుకుంటుంది.

ఆ వైరు కట్టడంలో మా ఆయనకు పేరు. గ్యారంటీ పోకుండా, కంపెనీవాళ్ల కంటికి కనబడకుండా కట్టేవారు. ఇప్పుడు వచ్చిన చిక్కు అదే. వైరు చెడితే బాగుచేద్దామన్నా ఎవరి కంటికీ కనబడలేదు.

ఆగస్టులో వచ్చిన జ్వరం గుంటూరు తీసుకెళ్లినా తగ్గలేదు. ఆ విషయం ఇంతకంటే రాయను.

వచ్చినవాళ్లకు మా అత్తయ్య కాంతమ్మే టీ ఇచ్చేది. నాకు తెలిసిన మేరకు నేను వైరు ఎక్కడుందో చెబుతుంటే పక్కన నిలబడి వినేది. "మా వాడి చెయ్యి పడని మిషను ఉందా ఈ చుట్టుపక్కల?" అనేది. వాళ్లు లేదండి అనేవారు. వాళ్లు వెళ్లాక నాతో, "మనిషి లేకపోయినా వాడి పని చేలల్లో తిరుగుతానే ఉంది చూడు కృపా" అనేది. ఆ మాట వినడానికి నాకూ బాగానే ఉండేది.

మా మరిది బర్నబాస్ కూడా చైన్ మిషనే నడిపేవాడు. అది ప్రకాశరావుగారిది. ఆయనది తెనాలి. మిషను మాత్రం సీజనంతా రేపల్లె నుంచి బాపట్ల దాకా చేలు తిరిగేది. అన్న పోయాక ఏ తేడా వచ్చినా బర్నబాస్ నాకే ఫోను చేసేవాడు. స్కూల్లో విశ్రాంతి గంటలో ఫోను మోగిందంటే తోటి టీచర్లు నవ్వుకునేవారు.

"వదినా, మా పిల్ల ఇవాళ ముప్పయ్యోది పాడుతోంది."

"డీజిల్లో నీళ్లు పడ్డాయి. ఫిల్టరు విప్పి అడుగున ఉన్నది వంపెయ్యి."

"ఆమెన్" అని పెట్టేసేవాడు.

క్రిస్మస్ ఇంకా కొద్ది రోజులుందనగా ఒక శనివారం సాయంత్రం వెంకటకృష్ణయ్య అనే ఆయన వచ్చాడు. కారంచేడు వైపు మనిషి, అక్కడొక రైతు మిషను నడుపుతాడు. కుడి చేతి మీద తుండు కప్పుకుని ఉన్నాడు. అత్తయ్య టీ ఇస్తే ఎడమ చేత్తో అందుకున్నాడు.

"ఆలస్యంగా వచ్చానమ్మా, ఏమీ అనుకోమాకండి. అజయ్ బాబు పోయిన సంగతి మొన్ననే తెలిసింది. ఆసుపత్రిలో ఉన్నాను."

"చేతికేమైందండి?"

"ఏముందమ్మా. గడ్డి చుట్టుకుంది. లాగుతుంటే చెయ్యి కూడా పోయింది లోపలికి. బొటనవేలు మిగిల్చింది, అదొకటి మేలు." తుండు తీయలేదు గాని నవ్వాడు. "మా ఆవిడ అన్నం కలిపి నోట్లో పెడుతోంది. పెళ్లయిన కొత్తలో కూడా పెట్టలేదమ్మా."

అత్తయ్య "అయ్యో నాయనా" అని అక్కడే కూర్చుండిపోయింది.

"మిషను ఆగలేదా?" అని అడిగాను.

"ఎందుకాగుద్దమ్మా? మీ ఆయన కట్టిన వైరుందిగా!" గొప్పగానే అన్నాడు. "ఆ వైరు కట్టాక ఈ చుట్టుపక్కల నా అంత కోసినోడు లేడు. మా ఓనరు నాకు బట్టలు పెట్టాడు. చెయ్యి పెట్టడం నాది తప్పు గానీ, ఆయన పనిలో వంక లేదు. అంత నికరమైన చెయ్యి మళ్లీ రాదమ్మా."

"ఇప్పుడు ఆ మిషను ఎవరు నడుపుతున్నారు?"

"మా తమ్ముడు."

"వైరు?"

"ఉందమ్మా. దానికేం కాలేదు."

టీ తాగి, గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టి, ఎడమ చేత్తోనే నమస్కారం లాంటిది చేసి వెళ్లిపోయాడు. అత్తయ్య వీధి గుమ్మం దాకా వెళ్లి వచ్చింది. "అంత కష్టంలో ఉండి కూడా మనవాడి పని మెచ్చుకోవడానికి వచ్చాడు చూడు" అంది.

నేను గ్లాసు కడిగి బోర్లించాను. అర్ధసంవత్సర పరీక్ష పేపర్లు ముందు పెట్టుకుని కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళ దాకా ఒకే పేపరు నా ముందు ఉంది.

మరునాడు ఆదివారం. గుడికి బయలుదేరుతుండగా ఫోను మోగింది.

"వదినా, పద్నాలుగు" అన్నాడు బర్నబాస్. ఈసారి పాట అనలేదు.

"ఎక్కడున్నావు?"

"కర్లపాలెం అవతల. శివపార్వతమ్మగారని, ఆవిడ చేను. వైరు ఎక్కడో తుప్పు పట్టినట్టుంది. నేను సీటులో కూర్చుని ఉన్నా, లేడంటోంది. కంపెనీ ఆయన వచ్చాడు తెనాలి నుంచి. ఆయనకీ దొరకట్లేదు. అన్నయ్య ఎక్కడ కలిపాడో నీకు తెలుసా?"

తెలుసు. ఆ వైరింగు బొమ్మ పక్కనున్న అక్షరాలు చదివి చెప్పింది నేనే. కట్టి వచ్చిన రోజు మా ఆయన అన్నం తింటూ, దాన్ని ఎక్కడ దాచారో చెప్పి తనలో తను నవ్వుకున్నారు.

"తెలుసు. నేను వస్తున్నాను."

"నువ్వెందుకొదినా? రంగు చెప్పు, చాలు. ఇక్కడ మినుములు చల్లేసి ఉన్నారు."

"మధ్యాహ్నంలోగా వస్తాను" అని పెట్టేశాను.

మినుములు చల్లేసి ఉన్నారంటే తొందర ఎంతో మా వైపు ఎవరికీ వేరే చెప్పక్కరలేదు. వరి కోతకు ఒకటి రెండు రోజుల ముందు, నిలబడి ఉన్న చేలోనే మినుములు చల్లుతారు. వరి కింద ఉన్న తడికి అవి మొలుస్తాయి. కొడవలితో కోసిన రోజుల్లో ఆ మొలకల మధ్య మనిషి చూసుకుని అడుగు వేసేవాడు. మిషన్లు వచ్చినా జనం ముందుగా చల్లడం మానలేదు. గింజ మొలవక ముందే మిషను దిగి వెళ్లిపోతే మంచిదే, చైన్లు గింజను బురదలోకి నొక్కుతాయి. మోసులు వచ్చాక దిగిందంటే చైన్ల కింద అన్నీ నలిగిపోతాయి. అందుకని చల్లాక ఇక మిషను ఆగడానికి లేదు.

అత్తయ్య తెల్లచీర కట్టుకుని, బైబిలు చేత పట్టుకుని గుమ్మంలో ఉంది.

"గుడి మానేసి చేలోకా? వాడడిగిందేదో ఫోనులో చెప్పేస్తే పోయేదానికి."

"వచ్చి చెబుతాను అత్తయ్యా."

"వాళ్ల అన్న ఉంటే ఈపాటికి వెళ్లి కట్టేసి వచ్చేవాడు" అంది. నాతో కాదు.

బాపట్ల బస్సెక్కి కర్లపాలెంలో దిగాను. అక్కడి నుంచి ఆటో, ఆటో దిగాక గట్ల మీద నడక. సముద్రం వైపు మబ్బు పట్టి ఉంది. అల్పపీడనం అని ముందు రోజు నుంచే చెబుతున్నారు. దూరం నుంచే మిషను కనబడింది. పండిన చేలో ఒక పక్కగా కొంత కోసి, అక్కడే నిలబడిపోయి ఉంది. దాని పక్కన కంపెనీ అతను దత్తు, చేతిలో కేబులు తగిలించిన చిన్న పెట్టె పట్టుకుని కూర్చున్నాడు. గట్టు మీద ప్రకాశరావుగారు ఫోను మాట్లాడుతూ అటూ ఇటూ తిరుగుతున్నారు. యాభై దాటిన ఒకావిడ తలకు తువ్వాలు చుట్టుకుని గట్టు మీద కూర్చుని ఉంది.

"నువ్వేనామ్మా ఆ మెకానిక్కు భార్యవి?" అందావిడ. ఆవిడే శివపార్వతిగారు. "రామ్మా. వీళ్లు పొద్దుట్నుంచి దానికి పూజ చేస్తున్నారు. అది కళ్లు తెరవట్లేదు."

"మొన్న చల్లారా పిన్నిగారూ?"

"మొన్న పొద్దున. ఇవాళ దాటిందంటే ఇక మోసులే. పైనుంచి ఆయనొకడు." మబ్బు వైపు గడ్డం ఎత్తింది.

ప్రకాశరావుగారు ఫోను ఆపి వచ్చారు. "అయ్యో, ఇంత దూరం వచ్చారేంటి టీచరుగారూ! ఫోనులో చెబితే మావాడు చూసుకునేవాడుగా."

దత్తు లేచి నిలబడ్డాడు. "మేడం, ఇది పద్నాలుగు దగ్గరే ఆగిపోయింది. సీటు స్విచ్చి నుంచి ఏమీ రావట్లేదంటోంది. చూస్తే స్విచ్చికి ప్లగ్గే లేదు. అజయ్ సార్ మధ్యలో వేరే దారి పెట్టారు. అదెటు పోయిందో నాకు అంతు పట్టట్లేదు." కొంచెం గొంతు తగ్గించాడు. "తెనాలి షెడ్లల్లో అజయ్ బాబుగారి పని చెప్పుకుంటారు మేడం. మా సార్లు తిడతారు, మేము చూసి నేర్చుకుంటాం."

"కాళ్ల కింద రబ్బరు చాప ఎత్తండి. బ్యాటరీ వైపు పోయే నల్ల గొట్టం ఉంటుంది. దాన్ని నిలువుగా కోసి, లోపల పెట్టి, మళ్లీ మూశారు. పసుపు మీద నల్లగీత ఉన్న వైరు."

బర్నబాస్ చాప ఎత్తి, గొట్టం తడిమి, "దొరికింది!" అని కేకేశాడు. గట్టు మీద శివపార్వతిగారు లేచి నిలబడింది. దత్తు వంగి చూశాడు. "ఇదిగో మేడం, ఈ పక్కన టేపు వదులై నీళ్లు పోయాయి. తుప్పు గీకి మళ్లీ మెలేస్తే చాలు. ఐదు నిమిషాల పని."

"అసలు స్విచ్చి పాడైపోయిందా?"

"లేదు మేడం. బ్రహ్మాండంగా ఉంది. ప్లగ్గు పీకి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, సీటు కిందే కట్టి ఉంచారు సార్. కొత్తదానిలా ఉంది."

"అయితే అది తగిలించండి. వైరు తీసేయండి."

నా మాట ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ముందు ప్రకాశరావుగారు నవ్వారు.

"అదేంటమ్మా! అది తగిలిస్తే మావాడు లేచినప్పుడల్లా ఆగిపోద్ది. ఈ తడి గడ్డిలో పొద్దుగూకేదాకా కోసినా సగం తెగదు. మీ ఆయన కట్టిందేగా ఇది?"

"అవునండి. ఆయనే కట్టారు."

"మరి?"

"నిన్న ఒకాయన మా ఇంటికి వచ్చారు. కారంచేడు వైపు నుంచి. కుడి చేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది. ఆయన మిషనుకీ మా ఆయనే కట్టారు."

దత్తు చేతిలోని పెట్టె వైపు చూసుకున్నాడు. బర్నబాస్ మిషను దిగి నా దగ్గరికి వచ్చాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"వదినా, నేను డ్రైవర్ని. నా పని నాకు తెలుసు. అతనెవరో చేత్తో లాగాడు. నేను కర్రతో లాగుతాను."

"కర్ర ఏది?"

వాడు వెనక్కి తిరిగి మిషను వైపు చూశాడు. దాని మీద గాని, చుట్టుపక్కల గాని కర్ర అనేది లేదు.

"కర్రా గిర్రా నేను చూళ్లేదు నాయనా. పొద్దున ఆగేదాకా చేత్తోనే లాగావు" అంది శివపార్వతిగారు గట్టు మీద నుంచి.

"మీరు ఊరుకోండి పిన్నిగారూ!" అన్నాడు బర్నబాస్.

నేను చెప్పులు విడిచి, చీర కొంచెం ఎత్తి పట్టుకుని మిషను ఎక్కాను. ఎక్కడం అదే మొదటిసారి. "ఓనరుగారు చెప్పాలి మేడం" అని దత్తు మెల్లిగా అన్నాడు. సీటు ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆ గొట్టంలోకి చూశాను. రెండు చోట్ల అతుకులున్నాయి. ఒక అతుకు మీది టేపు పాడైంది. రెండోది కట్టిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది.

ఆయన టేపు చుట్టడం పూర్తయ్యాక చివర కొంచెం లోపలికి మడిచేవారు. ఇంట్లో ఇస్త్రీపెట్టె వైరుకీ అంతే, అత్తయ్య మంచం పక్కన దీపం వైరుకీ అంతే. ఎందుకలా అంటే, ఎప్పుడో ఒకప్పుడు విప్పాల్సి వస్తుంది, విప్పేవాడికి గోరు దొరకాలి అనేవారు. ఇక్కడా చివర మడిచి ఉంది.

"టీచరుగారూ, మిషను నాదండి" అన్నారు ప్రకాశరావుగారు. ఆయన గొంతులో నవ్వు లేదు.

"మీదేనండి. దాని మీద కూర్చునేది మా ఇంటి మనిషి. మా అత్తయ్యకి ఇంక ఒక్కడే ఉన్నాడు."

మడత గోటికి దొరికింది. లాగితే టేపు తేలిగ్గా వచ్చింది. వేళ్లకు జిగురు అంటుకుంది. లోపల రాగి ఇంకా మెరుస్తోంది. దాన్ని ఏం చేయాలో నాకు తెలియక అలాగే పట్టుకుని ఉండిపోయాను.

"వదినా" అన్నాడు బర్నబాస్. ఒక్కసారే. తరువాత పైకి ఎక్కి, నన్ను జరగమని, మెలి విప్పి వైరు బయటికి లాగేశాడు. సీటు కింద చెయ్యి పెట్టి ప్లాస్టిక్ కాగితం చింపాడు. ప్లగ్గు నొక్కితే టక్కుమని శబ్దం వచ్చింది. సీటులో కూర్చున్నాడు. అద్దంలో పద్నాలుగు పోయింది.

ప్రకాశరావుగారు గట్టు మీదుగా తన కారు వైపు వెళ్లిపోయారు.

మిషను నడిచింది. కొంచెం దూరం పోయేసరికి గడ్డి చుట్టుకుంది, బర్నబాస్ లేచాడు, ఆగిపోయింది. దిగి, లాగి, ఎక్కి, స్టార్టు చేశాడు. మళ్లీ ఆగింది. ఆగిన ప్రతిసారీ శివపార్వతిగారు మబ్బు వైపు చూసేది. నా వైపు చూడలేదు. దత్తు చాలాసేపు గట్టు మీద నిలబడి చూసి, పెట్టె సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. పొద్దు వాలుతుండగా చినుకులు మొదలయ్యాయి. అప్పటికి సగం పైన తెగింది. మిగిలింది వానలో పడుకుంది.

నేను బయలుదేరుతుంటే శివపార్వతిగారు తువ్వాలు తల మీద నుంచి తీసి పిండుకుంటోంది.

"టీచరుగారూ, నువ్వు చేసింది మంచేనేమో నాకు తెలీదు. నా మినుములు మటుకు పోయినట్టే" అంది.

"అవును పిన్నిగారూ" అన్నాను.

వాన వెలిశాక ప్రకాశరావుగారు పొన్నూరు నుంచి ఇంకో డ్రైవరును తెచ్చుకున్నారు. బర్నబాస్‌ను తాళాలు ఇచ్చేయమన్నారు. మిషనుకు మళ్లీ వైరు పడింది. ఎవరు కట్టారో నేను అడగలేదు.

ఆ కబురు బర్నబాసే ఇంట్లో చెప్పాడు. అత్తయ్య అంతా విని, "వాడు చేసిన పని నువ్వే పీకేశావా కృపా?" అంది. పీకానన్నాను. ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం మానేసింది. వంట చేసేది, నా కంచం మూత పెట్టి ఉంచేది, స్కూలు వేళకు గొడుగు గుమ్మం దగ్గర పెట్టేది. మాట మాత్రం లేదు. క్రిస్మస్ ఆరాధనలో ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నాం. ఎవరి పుస్తకం వాళ్లు తీసుకున్నాం.

మిషన్ల వాళ్లు ఇంకా వస్తూనే ఉన్నారు. వైరు ఎక్కడుందో చెప్పేదాన్ని. తీసేయమని కూడా చెప్పేదాన్ని. అలా చెబుతున్నప్పుడు అత్తయ్య లేచి లోపలికి వెళ్లిపోయేది. కొందరు విన్నారు. ఎక్కువమంది అలాగేనండి అని తల ఊపి, చోటు మాత్రం గుర్తు పెట్టుకుని వెళ్లారు. సెలవుల్లో ఒకరోజు కారంచేడు కూడా వెళ్లి వచ్చాను. వెంకటకృష్ణయ్య తమ్ముడు అడ్డు చెప్పలేదు, నా ఎదురుగానే తీశాడు. వెంకటకృష్ణయ్యకే నచ్చలేదు.

"ఆయన గుర్తుగా ఉంటదనుకున్నానమ్మా" అన్నాడు.

జనవరి చివరికి చేలన్నీ ఖాళీ అయ్యాయి. ఎక్కడ చూసినా మినుము పచ్చగా లేచింది. బర్నబాస్ బాపట్లలో ఒకాయన దగ్గర ట్రాక్టరు నడపడానికి కుదిరాడు. నాతో ముక్తసరిగా మాట్లాడేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం బస్సు దిగి వచ్చాడు. చేతిలో బస్టాండు దగ్గర అప్పుడే కాల్చిన తాటి తేగల కట్ట ఉంది. వసారాలో తల్లి పక్కన చాప మీద కూర్చున్నాడు. నేను ఎదురుగా కుర్చీలో స్కూలు పుస్తకాలకు అట్టలు వేస్తున్నాను.

"ప్రకాశరావుగారి మిషను కోతలు ముగించుకుని తెనాలి వెళ్లిపోయింది" అన్నాడు, కట్ట విప్పుతూ. "ఆ పొన్నూరు డ్రైవరు సీజనంతా కోశాడు. వైరుతోనే. వాడి ఒంటి మీద ఒక్క గీత కూడా పడలేదు."

"మంచిదే" అన్నాను.

"మంచిదే అంటావేంటి వదినా? నా సీజను పోయింది. ఆ శివపార్వతమ్మగారు కనబడితే మొహం తిప్పుకుంటోంది. అన్నయ్య పనికి చెడ్డపేరు. ఇంతా చేస్తే అక్కడ జరిగిందేంటి? ఏమీ లేదు!"

"అవును. ఏమీ జరగలేదు."

వాడికి ఆ జవాబు సరిపోలేదు. ఒక తేగ తీసుకుని, రెండు బొటనవేళ్లూ మొన దగ్గర గుచ్చి, కోపంగా నిలువునా చీల్చాడు. పొర ఊడదీశాడు. ఈనె లాగి అవతల పారేశాడు. మధ్యలో చందమామ అనే మెత్తటి మొలకను గిల్లి, ఒక బద్దతో పాటు తల్లి చేతిలో పెట్టాడు. వెంటనే ఇంకోటి తీశాడు. మాట్లాడుతూనే ఉన్నాడు, ఆ డ్రైవరు గురించి, ప్రకాశరావుగారి గురించి. వేళ్లు వాటి పాటికి అవి గబగబా పని చేసుకుంటున్నాయి. గోళ్ల నిండా మసి.

అత్తయ్య వాడి మొహం వైపు చూడడం లేదు. ఆ చేతుల వైపే చూస్తోంది. చేతిలో పెట్టింది తినడం మరిచిపోయింది.

వాడు మూడో తేగ చీలుస్తుండగా, ఆవిడ చాప మీద ముందుకు వంగి, తన చేతిలోని ముక్క విరిచి సగం నా ఒళ్లో ఉన్న పుస్తకం మీద పెట్టింది.

"తిను. చల్లారిపోతే బాగోదు" అంది.